మేనమామను చిన్నగా గీసిన పాపం

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. బొమ్మలు గీసేవాడికి మనుషుల ముక్కులతోనూ మోచేతులతోనూ పని ఉంటుంది గానీ మనుషులతో పనేముందని. ఎవరైనా కాదంటే వాదించేవాణ్ణి కూడా. కానీ కాదనడానికి నా గదికి ఎవరొచ్చి చచ్చారు గనక! కరీంనగర్‌లో ఒక రెండంతస్తుల ఇంటి మీద, నీళ్ల ట్యాంకు పక్కన, రేకుల కప్పున్న ఒంటి గది నాది. పొద్దున్నే కిందికి దిగి కిరాణా కొట్టులో పాలప్యాకెట్ కోసం "ఒకటి" అనేవాణ్ణి. సాయంత్రం చాయ్ బండి దగ్గర మళ్లీ "ఒకటి" అనేవాణ్ణి. కొన్ని రోజులైతే ఆ రెండు ఒకట్లే నేను మాట్లాడిన మొత్తం మాటలు. ఒకసారి జలుబు చేసి గొంతు పూర్తిగా పోతే, పోయిందన్న సంగతి నాకు మర్నాడు పాలకు వెళ్లినప్పుడు గానీ తెలియలేదు.

నేను ఆ గదికి వచ్చిన తీరు కూడా గొప్పగా చెప్పుకునేదేం కాదు. మాది గోదావరిఖని వైపు, బొగ్గుబాయి క్వార్టర్లు. బాపు నా పుట్టుకకు ముందు నుంచీ బాయిలోకి దిగుతున్నవాడు. నడుము పట్టేసి ఇక దిగలేని స్థితి వచ్చాక, ఆ కొలువు పెద్దకొడుకునైన నాకు ఇప్పించి ఇంట్లో కూర్చోవాలనుకున్నాడు. మా కాలనీలో అలాంటి కబురు వింటే కొడుకులు మిఠాయిలు పంచుతారు. నేను మాత్రం కామిక్స్ ఆర్టిస్టునవుతానన్నాను. బాపు "అంటే బోర్డులు రాస్తవా?" అన్నాడు. కాదన్నాను. "గోడల మీద గీస్తవా?" కాదన్నాను. "మరి యాడ గీస్తవ్‌రా?" అన్నాడు, నిజంగా తెలుసుకుందామనే. ఆ ప్రశ్నకు నిమ్మళంగా జవాబు చెప్పి ఉంటే ఏ గొడవా లేకపోవును. కానీ నాకప్పుడు ఇరవై మూడేళ్లు. "నీకు చెప్పినా సమజ్ కాదు. ఆర్టిస్ట్ అయినంకనే నీ గడప తొక్కుత" అనేసి బ్యాగు భుజానికేసుకున్నాను. కన్నతల్లి కదా, అవ్వ సద్దిగిన్నె పట్టుకుని బస్టాండు దాకా ఉరికొచ్చింది. బాపు రాలేదు. తర్వాత అయిదు నెలలు అవ్వే ఫోన్ చేస్తుండేది. బాపుకియ్యమని నేనడగలేదు, ఇస్తానని ఆమె అనలేదు.

ఆర్టిస్ట్ కావడమంటే ఏమిటో ఆ అయిదు నెలల్లో కొంత తెలిసొచ్చింది. బొగ్గుబాయిలో బతికే ఒక ఎలుక మీద అరవై పేజీల కామిక్ గీసి, ఎక్కడెక్కడి ప్రచురణకర్తలకో పంపాను. చాలామంది జవాబివ్వలేదు. ఒకాయన మాత్రం పెద్దమనసుతో "బొమ్మలు బాగున్నాయి. ఎలుక మరీ విచారంగా ఉంది" అని రాశారు. (ఆ ఎలుక ముఖానికి నమూనా నేనే. అద్దంలో చూసుకుని గీసేవాణ్ణి.) పొట్ట గడవడానికి ఇంటర్ పిల్లల జువాలజీ రికార్డుల్లో బొమ్మలు వేసిపెట్టేవాణ్ణి. తప్పే, ఒప్పుకుంటాను. ఆ పిల్లల్లో ఎవరైనా ఇప్పుడు డాక్టరై ఉంటే మనల్ని దేవుడే కాపాడాలి. ఆ ఏడు కరీంనగర్‌లో బొద్దింక జీర్ణవ్యవస్థ అంటే నా పేరే చెప్పేవారు. నేను కన్న కలల్లో బొద్దింక లేదు గానీ, వచ్చిన పని వచ్చినట్టు చేసుకుంటూ పోయాను.

ఇంటి ఓనర్లను నేను కాకా, చిన్నమ్మా అని పిలిచేవాణ్ణి. పిలవడమే గానీ కిరాయి ఇచ్చే రోజు తప్ప మా మధ్య మాటల్లేవు. ఒకసారి చిన్నమ్మ మిరపకాయలు ఎండబెట్టడానికి మిద్దె మీదికొచ్చింది. కిటికీలోంచి చూస్తే నేను అద్దం ముందు నిలబడి ఏడుస్తున్నాను, మరుక్షణం పళ్లు బయటపెట్టి నవ్వుతున్నాను, ఆ వెంటనే కళ్లురిమి పిడికిలి చూపిస్తున్నాను. ఎలుక భావాలు సాధన చేస్తున్నానని ఆమెకేం తెలుసు? "కడుపునొస్తుందా బిడ్డా?" అని అడిగింది. లేదు చిన్నమ్మా, పని చేసుకుంటున్నానన్నాను. ఆ రోజు నుంచి ఆమె మిరపకాయలు కింద వాకిట్లోనే ఎండబెట్టుకుంది.

అలాంటి గదికి ఒకరోజు వాళ్లమ్మాయి మెట్లెక్కి వచ్చింది. డిగ్రీ అయిపోయింది, సుల్తానాబాద్ అబ్బాయితో సంబంధం కుదిరింది. "అన్నా, అందరి పెండ్లి కార్డులు ఒక్కతీర్గనే ఉంటయ్. నాది కామిక్ లెక్క కావాలె. చూసినోళ్లు పారేయొద్దు, దాచుకోవాలె" అంది. ఆ మాట వినగానే నాకు ఏడుపొచ్చినంత పనైంది. నాలుగు పేజీలు. మొదటి మూడింటిలో పెళ్లిచూపులు, చాయ్‌లో చక్కెర మరిచిపోవడం, అబ్బాయి ఆ చప్పటి చాయే మెచ్చుకుంటూ తాగేయడం. నాలుగో పేజీ నిండా ఇంటి గేటు ముందు నిలబడి రమ్మని పిలుస్తున్న చుట్టాలు, ఇరవై ముగ్గురు, వాళ్లతో పాటు ఇంటి కుక్క. అందరి ఫొటోలూ నా ఫోన్‌కు వచ్చిపడ్డాయి.

ఆ రెండు వారాలూ నా జీవితంలో పండగ. పొద్దున లేస్తే ఇరవై ముగ్గురు మనుషులు నా కోసం ఎదురుచూస్తుండేవారు. వాళ్లతో మాట్లాడటం కూడా మొదలుపెట్టాను. "అత్తమ్మా, జర గదవ ఎత్తు", "బావా, నీ బొర్ర తగ్గించమంటే నా చేత కాదు" అంటూ ఒక్కణ్ణే నవ్వుకునేవాణ్ణి. ఒక్కొక్కరి ఫొటో పెద్దది చేసి చూసి, ఎవరికి ఎడమ కనుబొమ్మ ఎత్తుగా ఉంటుందో, ఎవరు నవ్వితే చిగుళ్లు కనబడతాయో కంఠతా పట్టాను. ఆ ఇంట్లోవాళ్లే అంత శ్రద్ధగా ఒకరి ముఖాలొకరు చూసుకుని ఉండరు. ఇంత చేస్తూ కూడా వాళ్లలో ఒక్కరి గురించీ నేను అడగాల్సింది అడగలేదు. ఎవరు ఎవరికి ఏమవుతారని.

నాలుగో పేజీ విషయంలో నేను పెద్ద కళాకారుణ్ణయిపోయాను. పుస్తకాల్లో చదువుకున్న విద్యంతా అక్కడ గుమ్మరించాను. దగ్గరున్నది పెద్దగా, దూరమున్నది చిన్నగా, వీధి అలా లోపలికి సాగిపోతున్నట్టు. ముందు వరసలో పెళ్లిపిల్ల, అమ్మానాన్నలు, వాళ్ల కాళ్ల దగ్గర నాలుక బయటపెట్టి కుక్క. వెనకెనక్కి చుట్టాలు. అన్నింటికన్నా వెనక, వీధి చివర, అప్పుడే బస్సు దిగి చేతిసంచీతో వస్తున్న ఒక మీసాలాయన. ఆయన ఖానాపూర్ నుంచి రావాలని ఫొటో కింద రాసి ఉంది. ఖానాపూర్ దూరం కదా, కాబట్టి దూరంగా పెట్టాను. బొటనవేలి గోరంత మనిషి. కానీ ఆ గోరంతలోనే మీసం, సంచీ, నడకలో తొందర అన్నీ కుదిరాయి. పేజీ మొత్తంలో నాకు నచ్చిన బొమ్మ అదే. ఎవరో మన కోసం దూరం నుంచి వస్తున్నారనిపించే బొమ్మ అది, గీసి చాలాసేపు చూస్తూ కూర్చున్నాను.

ప్రింటింగ్ దగ్గర ఫ్లెక్సీ అన్న ఉండేవాడు. పుట్టినరోజుల నుంచి పదకొండో దినాల దాకా ఊళ్లో ఫ్లెక్సీలన్నీ ఆయన చేతి మీదే. ఒక ఫ్లెక్సీ మీద ముప్పై ముఖాలున్నా ఏ ముఖం ఎంత ఉండాలో లెక్క తప్పనివాడు. కార్డు చూసి "మేనమామ ఏడున్నడు?" అన్నాడు మొట్టమొదటే. ఇదిగో అని గోరంత మనిషిని చూపించాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు. "తమ్మీ, పిల్లను మండపానికి ఎత్తుకచ్చేటోడు గాయినె. గింతేనా? కుక్క సుత గాయినకన్న పెద్దగున్నది!" నేను జాలిగా నవ్వి, దగ్గర దూరం గురించి ఆయనకో పావుగంట పాఠం చెప్పాను. ఆయన ఓపిగ్గా విని "నీ ఇష్టం తమ్మీ, నాదేం పోయింది" అని ప్రింటు కొట్టాడు. ఓనర్ కాక తన పొట్ట తగ్గిందా లేదా చూసుకుని సరే అన్నాడు. పెళ్లిపిల్ల తన చీర చూసుకుంది, చిన్నమ్మ తన గొలుసు చూసుకుంది. అంతే, కార్డులు తయారయ్యాయి.

మేనమామకు కార్డు పోస్టులో పంపరు. కాకా చిన్నమ్మా స్వయంగా ఖానాపూర్ వెళ్లి, బొట్టుపెట్టి మొదటి కార్డు ఇచ్చి, కోడికూర తిని వచ్చారు. అప్పుడు ఆయన దగ్గర కళ్లజోడు లేదట. మర్నాడు ఊళ్లో హోటల్ దగ్గర ఆ కార్డు చేతులు మారి, ఎవరో "ఇండ్ల నువ్వేడున్నవే?" అని అడిగితే పదిమంది కలిసి వెతికారట. దొరికాడు, కుక్క తోక పక్కన. ఆ మధ్యాహ్నం కింద ఇంట్లో ఫోన్ మోగింది. స్పీకర్ పెట్టినట్టున్నారు, మిద్దె మెట్ల దాకా వినబడింది. "ఏ చెల్లే! నేను గీ పెండ్లికి రాను. గా కుక్కనే పిల్లను ఎత్తుకరమ్మను! బట్టలు సుత దానికే పెట్టుండ్రి!" ఫోన్ పెట్టేశాడు. చిన్నమ్మ ఏడుపు మొదలైంది. నేను మెట్ల మీద కూర్చుని ఆ కుక్క వంక చూశాను. అది నా వంక చూసి తోకాడించింది. దానికి కార్డు నచ్చినట్టుంది.

పెళ్లి ఇంకా ఆరు రోజులు. కాక వెళ్లి పిలిచాడు, ఆయన రాలేదు. కాక తమ్ముడు వెళ్లి పిలిచాడు, రాలేదు. చిన్నమ్మే మళ్లీ వెళ్లి కాళ్లు పట్టుకున్నంత పని చేసింది, అయినా రానన్నాడు. మేనమామ లేకుండా మండపానికి వెళ్తే మగపెళ్లివాళ్ల ముందు తలెత్తుకోలేమని ఇంట్లో పొయ్యి కూడా సరిగ్గా వెలగడంలేదు. పెళ్లిపిల్ల నన్ను చూసి ముఖం తిప్పుకుంది, దానికి నా ప్రాణం చచ్చిపోయింది. చివరికి కాక మొట్టమొదటిసారి నా గదికొచ్చి, గుమ్మంలోనే నిలబడి, "గీసింది నువ్వు. నువ్వే పోయి తోల్కరా. రాకుంటే ఏమయితదో నాకు తెల్వది" అన్నాడు. నాకు తెలుసు. ఈ పెళ్లి చెడితే కరీంనగర్‌లో నా చేతికి ఇంకెవరూ పెన్సిల్ ఇవ్వరు, మేనమామలేని పెళ్లి చేసిన ఆర్టిస్టని చెప్పుకుంటారు. బొద్దింకలు కూడా రావు.

నాలుగో పేజీ మళ్లీ గీశాను, ఈసారి నిలువెత్తు మేనమామతో. గేటుకన్నా ఎత్తు. మీసం ఒక్కటే చిన్నమ్మ ముఖమంత. మిగతా ఇరవై ఇద్దరూ ఆయన మోకాళ్ల దగ్గర కోడిపిల్లల్లా ఉన్నారు. కుక్కను తీసేశాను. ఆ పేజీని గుండ్రంగా చుట్టి చంకన పెట్టుకుని, జగిత్యాలలో బస్సు మారి, గోదారి దాటి, మిట్టమధ్యాహ్నం ఖానాపూర్‌లో దిగాను. బస్సులో దారంతా ఏం మాట్లాడాలో వల్లె వేసుకున్నాను. మనుషులతో రెండు మాటలకన్నా ఎక్కువ మాట్లాడి చాలా రోజులైంది కదా.

మామ వాకిట్లో పారతో మక్కజొన్న గింజలు ఎండబోస్తున్నాడు. ఫొటో కంటే పొట్టిగా, ఇంకా పెద్ద మీసంతో ఉన్నాడు. ఎవరివని అడిగితే చెప్పాను. పార కింద పెట్టలేదు. "గా కుక్క బొమ్మ గీసినోనివి నువ్వేనా?" అన్నాడు. అవునన్నాను. మామ భార్య, అత్తమ్మ, చెంబుతో నీళ్లిచ్చి, నాకు మాత్రమే వినబడేలా "మూడొద్దుల సంది సక్కగ తింటలేడు బిడ్డా. పోవాల్ననే ఉన్నది. అడిగేటోళ్లకు అడగ చాతనైతలేదు" అంది. నాకు కొంచెం ధైర్యమొచ్చి చుట్ట విప్పి బొమ్మను మంచం మీద పరిచాను. మామ వచ్చి, కళ్లజోడు పెట్టుకుని, వంగి చాలాసేపు చూశాడు.

"గింత పెద్దగ ఎందుకు గీసినవ్‌రా?"

"మీరు పెద్దోళ్లు గదా మామా, అందుకని..."

"ఉన్నట్టుంటె నేను బాగ లేనా? రాచ్చసుని లెక్కున్న. మా చెల్లె యాడున్నది? నా కాలు కిందనా? పెండ్లి నాదా, దాని బిడ్డదా?"

నాకు దిక్కు తోచలేదు. మొన్న చిన్నగా గీస్తే తప్పు, ఇవాళ పెద్దగా గీస్తే తప్పు. ఫ్లెక్సీ అన్నకు చెప్పిన పాఠమే ఈయనకూ మొదలుపెట్టాను. "మామా, మీరు చిన్నోళ్లని గాదు. దూరమున్నోళ్లు చిన్నగ అగుపిస్తరు. అది బొమ్మ లెక్క..."

"ఆ లెక్క నాకెరుకలేదారా? బర్లు దూరం బోతే చిన్నగనే అగుపిస్తయ్. నేనడిగేది గదే. నన్ను దూరం ఎందుకు వెట్టినవ్?"

ఖానాపూర్ దూరం కదా అని అనబోయి ఆగిపోయాను. ఆయన మంచం మీద కూలబడ్డాడు. "మా అవ్వ సచ్చిపోయేనాటికి చెల్లె గింత పోరి. నేనే సంకనేసుకొని పెంచిన. దానికి లగ్గం జేసి కరీంనగర్ తోలిన. గా బొమ్మల నేను సంచి పట్టుకొని యాడికెల్లో వస్తున్న, ఎవ్వలు నా దిక్కు సూస్తలేరు. అందరు నవ్వుకుంట నిలబడ్డరు. నేను చేరుకోలేదు." మీసం దువ్వుకున్నాడు. నాకు నచ్చిన బొమ్మే ఆయనను అంతగా నొప్పించిందని తెలిసి సిగ్గేసింది. క్షమించు మామా అన్నాను. అన్నానో, అనుకున్నానో గుర్తులేదు.

అత్తమ్మ జొన్నరొట్టెలు, వంకాయకూర పెట్టింది. తింటుంటే మామ నా ఊరూ పేరూ అడిగాడు. బాయిపని సంగతీ, బాపు సంగతీ, గడప తొక్కనన్న సంగతీ ఒక్కొక్కటే బయటికొచ్చాయి. (ఒకసారి మొదలయ్యాక ఆగలేదు. అయిదు నెలల మాటలు ఆ ఇంట్లో దింపేశాను పాపం.) ఆయన రొట్టె నములుతూ అంతా విన్నాడు.

"అంటే అలిగినవ్."

"అలుగుడు కాదు మామా, నా ఆశయం..."

"అలిగినవ్‌రా. ఎవలన్న వచ్చిండ్రా బుదరకియ్య, బతిమాలి తోల్కపోను?"

"రాలే."

"మరి గదేం అలుగుడు!" అన్నాడు ఆశ్చర్యంగా, నా చేతిపని చూసి పెదవి విరిచే మేస్త్రీలాగా. "నేనలిగిన, మూడొద్దులల్ల నలుగురొచ్చిండ్రు. నువ్వు అయిదు నెల్లు అలిగి ఒక్కన్ని సుత రప్పించుకోలేదు. బిడ్డా, అలిగినోడు తలుపు జర తెరిసి పెట్టుకోవాలె. అయినా మీ బాపు సుత అలిగుంటడు. గడప తొక్కనన్నవాయె. పెద్దోళ్లు అలిగితే ఫోన్ జేయరు, గోడదిక్కు తిరిగి పండుకుంటరు." తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు "సరే గని, పెండ్లికి నిన్ను పిలిచిండ్రా?" అన్నాడు.

నేను రొట్టె వంక చూశాను. కార్డు గీసినందుకు డబ్బులిచ్చారు, బాగుందన్నారు. పిలవలేదు. నేను రోజూ లెక్కపెట్టుకుంటూనే ఉన్నాను, ఇవాళ పిలుస్తారేమో, రేపు పిలుస్తారేమోనని. కింద కార్లలో ఊరూరికీ నా బొమ్మలు వెళ్తుంటే మిద్దె మీది నుంచి చూసేవాణ్ణి. ఇదంతా చెప్పలేదు. "లేదు మామా" అన్నాను, అంతే. ఆ గొంతులో ఆయనకు ఏం వినబడిందో గానీ, ఎంగిలి చేత్తోనే ఫోన్ అందుకున్నాడు.

"చెల్లే! గీ కార్డు గీసిన పోరనికే కార్డియ్యలేదట గదనే! సిగ్గున్నదా మీకు? ఇల్లు కిరాయికిచ్చుడు ఎరుకగని మనిషిని పిలుసుడు ఎరుకలేదా? ఆ... ఆ... ఇంట్లోడే అనుకున్నవా? ఇంట్లోడని వానికెట్ల ఎరుకైతది, నువ్వు చెప్పకుంటె? బొట్టువెట్టి పిలువు. వాడొస్తెనే నేనొస్త. లేకుంటె ఇద్దరం ఈన్నే కూసుంటం, మాకు మక్కలున్నయ్!"

నేను వద్దు వద్దంటూ చేతులూపుతూనే ఉన్నాను. ఆయన నా వంక చూసి, కన్నుకొట్టి, "గిట్ల అలగాలె" అన్నాడు.

ఆ మధ్యాహ్నం ఆ మంచం మీదే నాలుగో పేజీ మూడోసారి గీశాను, ఆయన పక్కన కూర్చుని చెబుతుంటే. చెల్లె పక్కన నిలబెట్టించుకున్నాడు, భుజం భుజం తగిలేలా. ఉన్నంత ఎత్తే చాలన్నాడు. సంచీ కింద పెట్టించాడు. "కుక్కేది?" అన్నాడు. తీసేశానన్నాను. "దాని తప్పేమున్నది? వెట్టు" అన్నాడు. పెట్టాను. సాయంత్రం బస్సెక్కుతుంటే అత్తమ్మ సంచీలో పసుపు కొమ్ములు వేసింది. ఒంటిగాడికి అన్ని పసుపుకొమ్ములెందుకని నేనడగలేదు.

మర్నాడు పొద్దున చిన్నమ్మ కుంకుమ భరిణతో, కార్డుతో మెట్లెక్కి వచ్చింది. గదిలో కూర్చోవడానికి చోటు లేక ఎలుక బొమ్మలన్నీ పక్కకు జరిపాను. ఆమె నా నుదుట బొట్టుపెట్టి, నేను గీసిన కార్డు నా చేతికే ఇచ్చి, "పొద్దున లేస్తె నీ అడుగుల సప్పుడు ఇనవడుతది గద బిడ్డా, ఇంట్లోనివే అనుకున్న. తప్పకుండ రావాలె" అంది. నా అడుగుల చప్పుడు ఎవరైనా వింటారని నాకెప్పుడూ తట్టలేదు. వస్తా చిన్నమ్మా అన్నాను. ఆమె వెళ్లాక తలుపేసుకుని ఏడ్చాను. అద్దంలో చూసుకోలేదు, అది సాధన కాదు.

పెళ్లి బ్రహ్మాండంగా జరిగింది. మామ పిల్లను ఎత్తుకొచ్చేటప్పుడు సగం దూరంలో నడుము పట్టేసి, మిగతా సగం అవమానం భయంతో నడిచాడు. కొత్త నాలుగో పేజీని ఫ్లెక్సీ అన్న పెద్దగా కొట్టి హాలు ముందు కట్టాడు, దాని ముందు చుట్టాలు తమ తమ బొమ్మల పక్కన నిలబడి ఫొటోలు దిగారు. అక్కడే ఇద్దరు నా నంబరు తీసుకున్నారు. ఒకరికి గృహప్రవేశం కార్డు, ఒకరికి పిల్లల బడి గోడలకు బొమ్మలు. అలా మొదలైంది నా వృత్తి. చెప్పుకోవడానికి ఇంతకన్నా గంభీరమైన ఆరంభం ఉంటే బాగుండేది, ఏం చేస్తాం.

పెళ్లయిన మూడో నాడు బస్సెక్కి ఇంటికి పోయాను. ఆర్టిస్టునయ్యానో లేదో ఇంకా తేలలేదు, గడప మాత్రం తొక్కేశాను. బాపు మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. (మామ చెప్పినట్టే. నవ్వు ఆపుకోలేక చచ్చాను.) "తిన్నడా అడుగు" అన్నాడు అవ్వతో. "తిన్ననని చెప్పు" అన్నాను అవ్వతో. మా ఇద్దరి మధ్యా నిలబడి అవ్వ "మీ నోట్లె మన్నువడ, నన్నేం టెలిఫోన్ జేసిండ్రా?" అని వంటింట్లోకి వెళ్లిపోయింది. ఇక దారిలేక కార్డు తీసి మంచం మీద పెట్టాను. బాపు లేచి కూర్చుని, కార్డును వెలుతురుకు పట్టుకుని, నాలుగు పేజీలూ చదివాడు. చక్కెర లేని చాయ్ దగ్గర మూతి కొంచెం కదిలింది. నాలుగో పేజీలో ఒక్కో ముఖం మీదా వేలు పెట్టి, వీళ్లెవరు, వీళ్లెవరు అని అడిగాడు. అందరి చుట్టరికాలూ చెప్పాను, ఇప్పుడు తెలుసు కదా. అంతా అయ్యాక కార్డు మడిచి, మెల్లగా అన్నాడు.

"మందినందరిని మంచిగ గీసినవ్."

మళ్లీ గోడవైపు తిరగబోయాడు. అది మెచ్చుకోలు కాదు, అలక అని పోల్చుకోవడానికి నాకు అంతకు ముందు వారమే శిక్షణ అయింది. భుజం పట్టుకుని ఆపి, "కూసో బాపూ, కదలకు" అన్నాను. పుస్తకం తీసి, పెన్సిల్ పట్టుకుని, అప్పుడు ఆగిపోయాను. ఎవరి ఇంట్లోనో ఎవరి ఎడమ కనుబొమ్మ ఎత్తో నాకు కంఠతా వచ్చు. మా బాపు కనుబొమ్మలు ఎలా ఉంటాయో నేనెప్పుడూ చూడలేదు. చిన్నప్పటి నుంచీ ఆయన డ్యూటీకి పోవడం చూశాను, వచ్చి పడుకోవడం చూశాను, ముఖం చూడలేదు. ఒక కనుబొమ్మలో పాత దెబ్బ ఉంది. ఎప్పటిదని అడిగాను. నేను పుట్టిన వారం బాయిలో బండ తగిలిందట. నిలబడి గీశాను, కూర్చుని గీశాను, అవ్వ దీపం పెట్టేదాకా గీశాను. చూసి బాపు "చెవులు గింత పెద్దగున్నయా నాయి?" అన్నాడు. నిజానికి అంత పెద్దవి కావు, కంగారులో తప్పాను. నేను వద్దన్న ఆ బాయి కొలువు తర్వాత మా తమ్ముడికి వచ్చింది. దాని గురించి నాతో ఎవరూ ఒక్క మాట అనలేదు.

ఇప్పుడు నాకు పని బాగానే ఉంది. పిల్లల పుస్తకాలకు గీస్తున్నాను, ఎలుక కూడా చివరికి అచ్చయింది, కాస్త నవ్వేలా మార్చాక. గది మారింది గానీ ఇప్పటికీ ఒంటిగదే, ఇప్పటికీ చాలా రోజులు "ఒకటి" దగ్గరే మాటలు అయిపోతాయి. పండక్కో పబ్బానికో క్వార్టరుకు పోతే, గోడకు వేలాడుతున్న ఆ బొమ్మ కింద కూర్చుని బాపు మూతి ముడుస్తాడు. "గింత పెద్ద ఆర్టిస్టువైతివి. గీ చెవులు ఎప్పుడు సరిజేస్తవ్‌రా?" వచ్చేసారి బాపూ అంటాను. ఆ చెవులు సరిచేయడానికి నాకు రెండు నిమిషాలు చాలు. ప్రతిసారీ పెన్సిల్ సంచీలోనే ఉంటుంది. తీయను.